గోడకు చెవులు పెట్టడం

(సంగీతం నేర్చుకునేవాళ్ళు, కంప్యూటర్‌తో బొమ్మలు చేసేవాళ్ళు కలిసి కూర్చున్న ఒక వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాసుకున్నాం. గోడ మీద ఏం కనిపించిందో అక్కడక్కడా బ్రాకెట్లలో చెప్పాం.)

అందరికీ నమస్కారం.

వెనక వరుసలో వాళ్ళకు వినిపిస్తోందా? వినిపించకపోయినా ఫర్వాలేదు, ఈ గోడకు వినిపిస్తే చాలు. (నవ్వులు) గోడలకు చెవులుంటాయి, మెల్లగా మాట్లాడమని మన ఇళ్ళల్లో హెచ్చరిస్తుంటారు కదా. నేను చేస్తున్న పని అక్షరాలా అదే. గోడలకు చెవులు పెడుతుంటాను. మైకులో మీరు ఒక స్వరం పలికితే గోడ మీద గీత పుడుతుంది. స్వరం పైకి వెళ్తే గీత కూడా వెళ్తుంది. చూడండి.

(మైకులో 'ఆ' అంటూ చిన్న ఆలాపన. గోడ మీద నీలిరంగు గీత ఒకటి వంపులు తిరుగుతూ లేచింది. అంతలో వక్తకు దగ్గు వచ్చింది. గీత ఒక్క ఎగురు ఎగిరి పైకప్పును తాకింది.)

చూశారుగా, దగ్గు కూడా దానికి పాటే. నేనిప్పుడు గంటసేపు మాట్లాడబోయేది ఈ దగ్గు గురించే. గొంతులో స్వరం ఏదో పట్టుకోవడం ఇప్పుడు కంప్యూటర్‌కు పెద్ద కష్టమేమీ కాదు. ఏది పట్టించుకోవాలి, ఏది విని ఊరుకోవాలి అన్నది మాత్రం దానికి తెలియదు. అది మనం చెప్పాలి. అసలు పని అంతా అక్కడే ఉంది.

కొంచెం పాత కథతో మొదలుపెడతాను. 1885లో వేల్స్‌కు చెందిన మార్గరెట్ వాట్స్ హ్యూస్ అనే గాయని తన గొంతు బలం ఎంతో తెలుసుకోవాలని ఒక పరికరం చేయించుకున్నారు. పెద్ద హంగేమీ లేదు. ఊదడానికి ఒక గొట్టం, దాని చివర గిన్నెలాంటి భాగం, ఆ గిన్నె మూతికి బిగించి కట్టిన పల్చటి పొర. మన డప్పు మూతలాగే అనుకోండి. గొట్టంలోకి పాడితే పొర అదురుతుంది. దాని మీద గింజలు పోసి, అవి ఎలా కదులుతున్నాయో చూసేవారు. ఒకరోజు పాడుతూ ఉంటే ఆ గింజలు చెల్లాచెదురు కాకుండా ముగ్గు వేసినట్టు ఒక ఆకారంలో సర్దుకున్నాయి. స్వరం మార్చారు, ముగ్గు మారింది. ఇక ఆవిడ గొంతు బలం సంగతి పక్కనపెట్టేసి ఈ ముగ్గుల వెంట పడ్డారు. ఆ పరికరానికి ఐడోఫోన్ అని పేరు. తర్వాత గింజలకు బదులు తడి రంగు వాడి, పాటతోనే పూలలాంటివీ ఆకుల్లాంటివీ గాజు మీదికి ఎక్కించారు. వాటిలో కొన్ని ఇప్పటికీ వేల్స్‌లో, మెర్థర్ టిడ్విల్ ఊరి మ్యూజియంలో ఉన్నాయి.

ఆవిడకు దాదాపు వందేళ్ళ ముందే, 1787లో, జర్మనీలో ఖ్లాడ్ని అనే శాస్త్రవేత్త పలక మీద ఇసుక చల్లి, అంచుకు వయొలిన్ కమాను రాసి, ఇసుక గీతలు కట్టడం చూపించాడు. పలకలో అదరని చోట్లకు ఇసుక జరిగి నిలుస్తుంది. అంతే రహస్యం.

ఈ రెండూ ఎందుకు చెప్పానంటే, అక్కడ శబ్దమే వెళ్ళి ఇసుకను నెడుతోంది. మధ్యలో ఎవరూ లేరు. ఇసుకకు సొంత అభిప్రాయం లేదు. మన దగ్గర అలా కాదు. శబ్దం ముందు అంకె అవుతుంది. ఆ అంకెను మనం తీసుకెళ్ళి బొమ్మకు అంటగడతాం. పై స్వరం అంటే గీత పైకే ఎందుకు వెళ్ళాలి? కిందికి వెళ్ళకూడదా? గట్టిగా పాడితే పెద్ద పువ్వు, మెల్లగా పాడితే చిన్న పువ్వు అని ఎవరన్నారు? ప్రకృతి అనలేదు. మనమే అన్నాం. ఈ ముడి వేసేటప్పుడు ఎక్కువమంది ఆలోచించరు. సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఉదాహరణలో ఎలా ఉంటే అలా వదిలేస్తారు. అందుకే ఇలాంటి ప్రదర్శనలు పదింట తొమ్మిది, పాత మ్యూజిక్ ప్లేయర్‌లో పాటకు ఎగిరే రంగుల పట్టీల్లా ఉంటాయి. చూడటానికి బాగుంటుంది, రెండు నిమిషాలకు విసుగొస్తుంది.

మన తోలుబొమ్మలాట చూసినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. ఫర్వాలేదే. నిమ్మలకుంట వాళ్ళ ఆట చూసినవాళ్ళకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. బొమ్మ ఆడించేవాడే పాడతాడు, మాట్లాడతాడు. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింద పెట్టుకున్న చెక్కల మీద దబదబా తొక్కుతాడు. ఆ చప్పుడూ తెర మీద గద దెబ్బా ఒకే ఒంట్లోంచి వస్తున్నాయి కాబట్టి వాటి మధ్య వెంట్రుకవాసి తేడా ఉండదు. మనం వేల రూపాయల సౌండ్ కార్డులు కొని, కోడ్ రాసి, ఆ వెంట్రుకవాసి కోసమే కొట్టుకుంటున్నాం.

సరే, యంత్రంలోకి వద్దాం. ఇక్కడ కొంచెం లెక్కలు ఉంటాయి, భయపడకండి.

మైకు నుంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటర్ సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు స్వరం పట్టడానికి మొట్టమొదట ఎఫ్‌ఎఫ్‌టీ దగ్గరికి పోతారు. శబ్దంలో ఏ పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్నిసార్లు అదిరే అల, ఎంతుందో అరలు అరలుగా విడగొట్టే లెక్క అది. ఏ అరలో ఎక్కువ ఉంటే అదే స్వరం అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2048 కొలతలు ఒక గుప్పెడుగా తీసుకుంటే ఒక్కో అర వెడల్పు 21.5 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని అదురులు, వస్తుంది. శృతి అంటే పాడేవాళ్ళు తమ స గా పెట్టుకునే ఎత్తు. ఇప్పుడు ఒకటి శృతిలో పాడే మగ గొంతును తీసుకోండి. షడ్జం, అంటే స, సుమారు 131 హెర్ట్జ్. మాయామాళవగౌళ రాగంలో మొదటి పాఠం, సరళీ వరస. స తర్వాత శుద్ధ రిషభం, అంటే రి, 139 దగ్గర. తేడా ఎనిమిది. అర వెడల్పేమో ఇరవై ఒకటిన్నర. అంటే స, రి రెండూ ఒకే అరలో పడతాయి. సంగీతం మాస్టారు మొదటిరోజు చెప్పే మొదటి రెండు స్వరాలే దానికి ఒకటిగా వినిపిస్తే ఇక మిగతా చదువేం చెబుతాం?

గుప్పెడు పెద్దది చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు. 16,384 కొలతలు తీసుకుంటే అర 2.7 హెర్ట్జ్‌కు తగ్గుతుంది. కానీ అన్ని కొలతలు పోగవడానికే 370 మిల్లీసెకన్లు పడుతుంది. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో, పాడుతుంటే ఈలోగా స పోయింది, రి పోయింది, గ వచ్చేసింది. పెళ్ళి అయ్యాక బాజాలు వచ్చినట్టు ఉంటుంది గోడ.

అందుకని వేరే దారి. రెండు ట్రేసింగ్ కాగితాలు ఊహించుకోండి. రెండింటి మీదా ఒకే అల గీసి ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టి పైదాన్ని మెల్లగా పక్కకు జరుపుతూ పోండి. ఒకచోట రెండు అలలూ మళ్ళీ అచ్చంగా కలిసిపోతాయి. ఎంత జరిపారో అదే ఆ అల ఒక చుట్టు తిరగడానికి పట్టే కాలం. దాన్ని తిరగేస్తే, అంటే ఒకటిని దాంతో భాగిస్తే, పౌనఃపున్యం. గొంతులో షడ్జం 131 అయితే ఒక చుట్టు ఏడున్నర మిల్లీసెకన్ల చిల్లర. రెండు మూడు చుట్లు వింటే చాలు, అరల గొడవ లేదు. ఈ ఆలోచన పాతదే. దాన్ని బాగా సానబెట్టి 2002లో అలాన్ ద షెవెన్యే, హిదేకి కవాహారా అనే ఇద్దరు యిన్ అనే పద్ధతి ఇచ్చారు. పేరు చైనా వాళ్ళ యిన్, యాంగ్ లోంచే. ఇప్పుడు మీరు వాడే చాలా ఉచిత లైబ్రరీల్లో ఇదే ఉంటుంది. 2018లో క్రేప్ అనే న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి వచ్చింది, గోలలో కూడా చక్కగా పట్టుకుంటుంది. నేను మాత్రం రోజంతా నడిచే ప్రదర్శనలకు యిన్‌నే వాడతాను. లాప్‌టాప్ వేడెక్కి మధ్యాహ్నానికి మూలగడం మొదలుపెడితే ఎవరూ మనకు విసనకర్ర పట్టరు.

యిన్‌కూ ఒక జబ్బుంది. కాగితాన్ని ఒక చుట్టు జరిపితే కలుస్తుంది సరే, రెండు చుట్లు జరిపినా కలుస్తుంది కదా. అప్పుడప్పుడు పొరపాటున రెండోదాన్ని పట్టుకుంటుంది. మీరు మధ్యస్థాయి పంచమం, అంటే ప, పాడుతుంటే గోడ ఉన్నట్టుండి కింది స్థాయికి, మంద్రంలోకి దూకి మళ్ళీ వస్తుంది. మందు తేలిక. వరసగా వచ్చిన ఐదు అంకెల్ని పేర్చి మధ్యదాన్ని తీసుకోండి. ఒంటరిగా దూకినది దానంతటదే పక్కకు పోతుంది. ఇంకోటి, యిన్ ప్రతి జవాబుతో పాటు తనకు ఎంత నమ్మకం ఉందో కూడా చెబుతుంది. ఆ రెండో అంకెను పారేయకండి. ఇందాక నా దగ్గు ఎగిరింది చూశారే, అప్పుడు నమ్మకం అడుగంటింది. నేను కావాలనే ఆ కాపలా తీసేసి ఉంచాను. ఇప్పుడు పెడుతున్నా.

(మళ్ళీ దగ్గారు. గీత కదల్లేదు. చప్పట్లు.)

దగ్గుకు చప్పట్లు కొట్టించుకున్న మనిషిని నేనొక్కడినే అయ్యుంటాను.

అంకె వచ్చింది. ఇప్పుడు దాన్ని స్వరం చేయాలి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలన్నీ ఏం చెబుతాయంటే, 440 హెర్ట్జ్ అంటే స్వరాలకు నంబర్లిచ్చే మిడి పద్ధతిలో 69వ నంబరు, అక్కడి నుంచి కీబోర్డు మెట్లు లెక్కపెట్టుకోమని. మిడి 1983లో వచ్చింది, కీబోర్డుల కోసం పుట్టింది, దాని పని అది బాగానే చేస్తుంది. కానీ మన పాటలో స అనేది 440తో ముడిపడి లేదు. ఒకరిది ఒకటి శృతి, ఒకరిది ఐదున్నర. ఎవరి స వాళ్ళది. కాబట్టి నా గోడ ముందు ఎవరు నిలబడినా మొదట ఐదు సెకన్లు షడ్జం పట్టమంటాను. ఆ ఐదు సెకన్ల మధ్య విలువ వాళ్ళ సున్నా. అక్కడి నుంచి సెంట్లలో కొలుస్తాను. స్వరాల మధ్య దూరానికి కొలత అది, స్థాయికి, అంటే కింది స నుంచి పై స దాకా, 1200. పంచమం 702 దగ్గర, అంతర గాంధారం, అంటే పై రకం గ, 386 దగ్గర ఉండాలి. కీబోర్డులో అది 400. ఆ పద్నాలుగు సెంట్ల తేడా గోడ మీద కంటికి ఆనదు, కానీ చెవి ఉన్న గాయనికి ఒళ్ళు మండుతుంది. ఎవరి కోసం పనిచేస్తున్నామో ఒకసారి అనుకోవాలి కదా.

ఇక్కడ మా పెద్దమ్మ వస్తుంది కథలోకి. ఆవిడ సంగీతం పాఠాలు చెబుతుంది. నేను మొదటిసారి చేసిన గోడలో ఏడు స్వరాలకు ఏడు పూలు పెట్టాను. స అంటే మల్లె, రి అంటే మందారం, ఇలా. ఇంటి హాల్లో ప్రొజెక్టర్ పెట్టి, పెద్దమ్మా, ఒక్కసారి పాడవా అన్నాను. ఆవిడ ఏదో తేలిక రాగం ఎత్తుకుంటుందనుకున్నా. తోడి ఎత్తుకుంది. గాంధారం మీద నిలిచింది. మీలో సంగీతం వచ్చినవాళ్ళు అప్పుడే నవ్వుతున్నారు, మీకు తెలుసు. తోడి గాంధారం ఒకచోట నిలబడదు. రిషభం వైపు వాలి, మధ్యమం వైపు లేచి, అలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగడమే గాంధారం. నా గోడ మీద ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు. మందారాలు, చామంతులు టపటపా పేలుతున్నాయి, దీపావళికి సీమటపాకాయలు తగలబెట్టినట్టు. గాంధారానికి పెట్టిన పువ్వేమో అరక్షణం మెరిసి పోతోంది. పెద్దమ్మ పాట ఆపి, "ఒరేయ్, నేను పాడింది ఒకే ఒక్క గాంధారంరా. మీ గోడకు ఇన్ని స్వరాలు ఎక్కడివి?" అంది.

ఆ రాత్రి నేను కోడ్ సరిచేయడానికి కూర్చున్నాను. ఊగుడును సమం చేసే ఫిల్టర్ పెట్టాను. పూలు పేలడం ఆగింది, గాంధారం పువ్వు నిలబడింది. మర్నాడు చూపిస్తే ఆవిడ, "ఇప్పుడు హార్మోనియం పాడినట్టుంది" అంది. మెచ్చుకోలు కాదది.

తప్పు ఫిల్టర్‌లో లేదు. స్వరం అంటే ఒక మీట, నొక్కితే బొమ్మ పేలాలి అనుకోవడంలో ఉంది. ట్రిగ్గర్ అంటాం కదా, మాటే తుపాకీ మాట. మీట నొక్కే వాద్యాలకు అది సరిపోతుంది. గొంతుకు సరిపోదు, మన గొంతుకు అసలే సరిపోదు. సంక్రాంతికి గాలిపటం ఎగరేసినవాళ్ళకు తెలుసు. చేతిలో దారం లాగుతాం, వదులుతాం, కొంచెం కుదుపుతాం. పైన గాలిపటం దాని బరువుతో, దాని గాలితో ఊగుతుంది. చేయీ గాలిపటమూ ఒకటి కాదు, కానీ దారం తెగలేదు. గొంతుకూ బొమ్మకూ మధ్య అలాంటి దారం ఉండాలి. అందుకని స్వరాల పేర్లు పూర్తిగా వదిలేశాను. గీత మొత్తాన్ని తీసుకున్నాను. గడిచిన అరసెకనులో ఆ గీత ఎంత వెడల్పుగా ఊగింది, ఎంత వేగంగా ఊగింది అని రెండు అంకెలు తీసి, వెడల్పును కుంచె వెడల్పుకు, వేగాన్ని రంగు చిక్కదనానికి ముడివేశాను. కదలని షడ్జం సన్నని దారంలా వస్తుంది. తోడి గాంధారం వెడల్పాటి పట్టు అంచులా వస్తుంది. పెద్దమ్మ ఈసారి ఏమీ అనలేదు, ఇంకో రాగం ఎత్తుకుంది. అది చాలు నాకు.

మృదంగానికి మాత్రం మీటే సరి. దెబ్బ పడిందంటే పడింది. దాన్ని పట్టడానికి స్వరం అక్కర్లేదు, శబ్దం ఒక్కసారిగా ఎంత పెరిగిందో చూస్తే చాలు.

అయితే మృదంగంతో ఒక వింత చిక్కుంది. మామూలు డోలు చర్మానికి చక్కని స్వరం ఉండదు, గోలగా ఉంటుంది. మృదంగం మీద కరణి, అంటే మధ్యలో పూసిన నల్లటి ముద్ద, ఉండటం వల్ల దాని అదురులు స్వరబద్ధంగా కుదురుతాయని సి.వి. రామన్ 1920లోనే రాశారు. వినడానికి అద్భుతం. నాకు మాత్రం తలనొప్పి. ఎందుకంటే స్వరం ఉంది కాబట్టి నా ప్రోగ్రామ్ దాన్ని కూడా గొంతు అనుకుంటుంది. పైగా మృదంగం శృతి చేసేది గాయని షడ్జానికే. తంబూర షడ్జ పంచమాలకే. వీణ మీద పక్కనుండే తాళం తంత్రులు కూడా షడ్జ పంచమాలకే. అంటే మైకులోకి ఏం కారినా అది స గానో ప గానో కారుతుంది. గాయని ఊపిరి తీసుకోవడానికి ఆగితే గోడ మీద మాత్రం శుభ్రమైన షడ్జం నిలబడి ఉంటుంది. తప్పు అని కూడా అనిపించదు, అంత సరిగ్గా ఉంటుంది. ఇది కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి శృతి పెట్టె శబ్దం గాయనికి హెడ్‌ఫోన్‌లో ఇస్తున్నాను, మైకు నోటికి దగ్గరగా పెడుతున్నాను. వీణకైతే కుండ మీద అతికించే కాంటాక్ట్ మైకు వాడతాను. అది గాలిలో శబ్దం వినదు, చెక్క అదురును వింటుంది. పక్కన మృదంగం మోగినా దానికి అంతగా పట్టదు.

ఇంకో శత్రువు కరెంటు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని గుయ్యిమనే రొద 50, 100, 150 ఇలా పోతుంది. కింది శబ్దాలన్నీ కోసేయండి అని పుస్తకాలు చెబుతాయి. ఎక్కడ కోస్తారు? ఒకటి శృతిలో మంద్ర పంచమం 98 హెర్ట్జ్. రొద 100. రొదను కోస్తే పంచమం పోతుంది. ఒక ప్రదర్శనలో, ఎక్కడో చెప్పను, సాయంత్రం కరెంటు పోయి జెనరేటర్ వేశారు. అది మైకు కేబుల్లోకి ఎక్కింది. గోడ మీద రెండు గంటలపాటు ఒకే అడ్డగీత, సన్నగా వణుకుతూ. నేను చెమటలు కక్కుతూ కేబుళ్ళు మారుస్తున్నాను, టెన్షన్‌తో చేతులు వణుకుతున్నాయి. ఒక పెద్దాయన వచ్చి చాలాసేపు చూసి, "ఎంత ప్రశాంతంగా ఉంది బాబూ" అని నా భుజం తట్టి వెళ్ళాడు. (నవ్వులు) నేను థాంక్స్ చెప్పాను. ఏం చేయను మరి?

ఆలస్యం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2048 కొలతల గుప్పెడుకు 46 మిల్లీసెకన్లు, తెర మీద ఒక ఫ్రేముకు సుమారు 17, ప్రొజెక్టర్ తన వంతు ఇంకొన్ని పదులు కలుపుతుంది. దగ్గర దగ్గర పదో వంతు సెకను. ఆలాపనకు అది తెలియదు. జతికి తెలుస్తుంది. నేను పట్టిన చిట్కా ఏమిటంటే, శబ్దం ఎంత గట్టిగా ఉందో తెలియడానికి రెండు మిల్లీసెకన్లు చాలు, ఏ స్వరమో తెలియడానికే టైం పడుతుంది. కాబట్టి ముందు తెల్లటి మెరుపు వదలండి, స్వరం తెలిశాక దానికి రంగు ఎక్కించండి. చూసేవాళ్ళ కంటికి బొమ్మ గొంతుతోనే పుట్టినట్టు ఉంటుంది, తర్వాత రంగు విచ్చుకున్నట్టు ఉంటుంది. ఆలస్యమే అందమైపోయింది.

ఈ రంగంలో ఒక్క పని చూడండి అంటే నేను చెప్పేది మెస్సా ది వోచే అనే ప్రదర్శన. గోలన్ లెవిన్, జాకరీ లీబర్మన్ 2003లో చేశారు, ఆస్ట్రియాలో లింజ్‌లో ఆర్స్ ఎలెక్ట్రోనికా ఉత్సవంలో మొదట ఆడింది. యాప్ బ్లోంక్, జోన్ లా బార్బరా అని ఇద్దరు గొంతు కళాకారులు. వాళ్ళు పాడటం తక్కువ. బుడబుడమంటారు, గురగురమంటారు, అరుస్తారు, గుసగుసలాడతారు. వెనక తెర మీద ఆ శబ్దాలు బుడగలై, పొగలై వాళ్ళ నోట్లోంచే వస్తున్నట్టు కనిపిస్తాయి. నోట్లోంచే అన్నది గమనించండి. ఒక కెమెరా వాళ్ళ తల ఎక్కడుందో చూస్తూ ఉంటుంది, బొమ్మ అక్కడి నుంచే మొదలవుతుంది. నా లెక్కలో స్వరం పట్టడం కంటే ఆ కెమెరా పెద్ద ఆలోచన. ఎవరి నోట్లోంచి వచ్చిందో తెలిస్తేనే మనకు నమ్మకం కలుగుతుంది. తోలుబొమ్మలాటలో మాట్లాడే బొమ్మ చేయి ఊపి మిగతావాటిని కదలకుండా ఉంచుతారే, అదే సంగతి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన దాని గురించి. దీని పేరు ఊ కొట్టే గోడ.

కథ చెప్పేటప్పుడు ఊ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్ళు ఆగిపోతారు. మా నాయనమ్మ అయితే ఊ ఆగిందంటే దీపం ఆర్పేసేది. ఈ ఊ లో ఉన్నది అచ్చంగా స్వరమే అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ఒకే అచ్చు. కానీ సమంగా 'ఊ' అంటే, వింటున్నా చెప్పు అని. చివర పైకి లేపి 'ఊ?' అంటే, ఏమన్నావు, మళ్ళీ చెప్పు అని. పైనుంచి కిందికి దించి 'ఊ...' అంటే, అయ్యో పాపం అని. మధ్యలో గొంతు తెగి 'ఊహూ' అంటే ఒప్పుకోను అని. నిఘంటువు చూస్తే ఇవన్నీ దొరకవు, కానీ మూడేళ్ళ పిల్లకు తెలుసు.

గోడ మీద ఒక ముసలవ్వ బొమ్మ, తోలుబొమ్మ వాటంలో. కథ చెబుతుంది, ఒక వాక్యం చెప్పి ఆగుతుంది. మైకు దగ్గర పిల్ల ఊ అంటే తర్వాత వాక్యం. నా ప్రోగ్రామ్ చూసేది ఆ ఊ మొదట్లో స్వరం ఎక్కడుంది, చివర ఎక్కడుంది, అంతే. వంద సెంట్ల కంటే ఎక్కువ లేస్తే ప్రశ్న. అవ్వ ముందు వాక్యాన్నే మళ్ళీ కొంచెం మెల్లగా చెబుతుంది. నూటయాభై సెంట్ల కంటే ఎక్కువ దిగితే జాలి. అవ్వ కూడా తలాడిస్తుంది. మధ్యలో పదో వంతు సెకను శబ్దం తెగి మళ్ళీ వస్తే ఊహూ. అవ్వ కథ మార్చేస్తుంది, చచ్చిపోయిన రాజకుమారుడు బతుకుతాడు. ఈ సెంట్ల హద్దులు నేను మా ఇంటి పిల్లలతో, పక్కింటి పిల్లలతో కూర్చుని పెట్టుకున్నవి. మీ ఊళ్ళో వేరేగా రావచ్చు. మా అత్తగారి వైపు పిల్లలు మామూలు ఊ నే కొంచెం లేపి అంటారు. అవ్వ ఒకే వాక్యం నాలుగుసార్లు చెప్పి వాళ్ళకు విసుగు పుట్టించింది. అప్పటి నుంచి మొదటి ఐదు ఊ లను ఊరికే విని, ఈ పిల్ల మామూలు ఊ ఇలా ఉంటుందని నేర్చుకునేలా మార్చాను. గాయని దగ్గర ముందు షడ్జం తీసుకున్నట్టే.

అన్నిటికంటే ఎక్కువ కోడ్ దేనికి రాశానో తెలుసా? ఊ రాకపోవడానికి. రెండు సెకన్లు ఊ రాకపోతే అవ్వ కళ్ళజోడు సర్దుకుంటుంది. ఐదు సెకన్లకు ముందుకు వంగి చూస్తుంది. పదిహేను సెకన్లకు గొంతు తగ్గించి చివరి వాక్యం గుసగుసగా అంటుంది. అప్పుడూ రాకపోతే దుప్పటి కప్పుతున్నట్టు చేయి ఊపి దీపం ఆర్పేస్తుంది. ఈ నిశ్శబ్దం పట్టడానికి రెండు హద్దులు పెట్టాను. మొదలవడానికి గట్టి హద్దు, ఆగిపోయిందనడానికి దానికంటే బాగా మెత్తని హద్దు. ఒకే హద్దు పెడితే నిద్రలోకి జారే పిల్ల సన్నటి ఊ కి అవ్వ లేస్తూ కూర్చుంటూ మూర్ఛ వచ్చినదానిలా అయిపోయింది.

ప్రశ్నలున్నాయా? చెప్పండి తమ్ముడూ.

(ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలని ఒక విద్యార్థి అడిగారు.)

డబ్బు ఖర్చు పెట్టకండి. ప్యూర్ డేటా ఉచితం, మిల్లర్ పకెట్ రాసింది. స్వరం పట్టే సిగ్మండ్, దెబ్బ పట్టే బాంక్ రెండూ అందులోనే ఉన్నాయి. బొమ్మలకు ప్రాసెసింగ్ గానీ, బ్రౌజర్లో నడిచే పీ5 గానీ చాలు. ఒకదాని నుంచి ఇంకోదానికి అంకెలు పంపడానికి ఓఎస్‌సీ వాడండి. టచ్‌డిజైనర్ బాగుంటుంది, నేర్చుకునేవాళ్ళకు ఉచితంగానే దొరుకుతుంది, తెర సైజుకు హద్దు ఉంటుంది అంతే. కానీ ముందు ఒక వారం బొమ్మ జోలికి వెళ్ళకండి. అంకెను మాత్రం తెర మీద పెట్టుకుని పాడండి, దగ్గండి, ఫోన్ మాట్లాడండి, ఫ్యాన్ వేయండి, తీయండి. ఆ అంకె ఎప్పుడు అబద్ధం చెబుతోందో మీకు ఒంట పట్టాలి.

నువ్వేంటమ్మా, పాడతావా? రా, ముందుకు రా. అన్నా, ఆ రెండు ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపుతారా? ఏసీ కూడా. కాస్త ఉక్కపోస్తుంది, ఓర్చుకోండి. మైకు ఇంకొంచెం దగ్గరగా పట్టుకో, గడ్డానికి ఆనించినట్టు. ఏ శృతి అమ్మా నీది?

(ఐదున్నర అంది ఆ అమ్మాయి.)

సరే. పాట ఇప్పుడే వద్దు. ముందు ఒక్క షడ్జం, ఐదు సెకన్లు, గోడ నిన్ను గుర్తుపెట్టుకునేదాకా.